‘ఫ్రీ’ పుస్తకం బరువెంత?

అమెరికా యూనివర్సిటీలో సీటొస్తుంది. ఆ వెనకే ‘విద్యార్థులకు ఆరు నెలలు ఉచితం’ అంటూ ఈమెయిల్ కూడా వస్తుంది. సగం ధరకే మెంబర్‌షిప్, రెండు రోజుల్లో గుమ్మం ముందుకే పుస్తకం... కాదనేదెవరు? కాకపోతే లెక్క వేసుకుని చేరినవాళ్లకే అది లాభం. వేసుకోనివాళ్ల దగ్గర కంపెనీకి లాభం!

మా పిన్నికొడుకు ఎమ్మెస్‌కి వెళ్లేముందు రోజు రాత్రి హైదరాబాద్‌లో మా ఇంట్లో పెద్ద పంచాయితీ. ఖమ్మం నుంచి పిన్నీ బాబాయీ కూడా వచ్చారు. హాల్లో రెండు సూట్‌కేసులు. ఒక్కోదానికి 23 కిలోలే అనుమతి. కొక్కేనికి తగిలించి ఎత్తితే ఒకటి 26 కిలోలు చూపించింది. ఇప్పుడు తీయాల్సింది ఆవకాయా, కోఠీలో కొన్న నాలుగు పుస్తకాలా?

‘‘పచ్చడి లేకపోతే వీడు అన్నం ముట్టడు’’ అంది పిన్ని.

‘‘అమ్మా, ఈ పుస్తకాలు అక్కడ కొంటే ఒక్కోదానికి ఎన్ని పచ్చడి సీసాలొస్తాయో తెలుసా?’’ అన్నాడు వాడు.

చివరికి బాబాయే తీర్పు చెప్పాడు. పుస్తకాలు భుజాన వేసుకునే బ్యాగులోకి, ఆవకాయ పెట్టెలోకి. అలా ఆ నాలుగు పుస్తకాలూ సముద్రాలు దాటాయి. తీరా వెళ్లాక మొదటి సెమిస్టర్లో అక్కరకొచ్చింది ఒక్కటే. రెండింటికి ప్రొఫెసర్లు తర్వాతి ఎడిషన్ అడిగారు. నాలుగోదానికి అసలు పుస్తకమే అక్కర్లేదు, స్లయిడ్లు చాలన్నారు. ‘‘అక్కా, ఆవకాయే ఇంకో రెండు కిలోలు తెచ్చుకోవాల్సింది’’ అని ఫోన్లో ఒకటే నవ్వు.

నవ్వులాట పక్కన పెడితే, ఆ మోత వెనక ఉన్న భయం మాత్రం నిజం. అమెరికాలో ఒక టెక్స్ట్‌బుక్ 150, 200 డాలర్లు ఉండటం వింతేమీ కాదు. ఆ దేశపు కార్మిక గణాంకాల విభాగం లెక్క ప్రకారం 2006 జనవరి నుంచి 2016 జులై లోపు కాలేజీ పుస్తకాల ధరలు 87.5 శాతం పెరిగాయి. బ్యాంకు అప్పు మీద వెళ్లిన పిల్లలు, చదువు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయడానికి వీల్లేని పిల్లలు, ఈ ధర చూసి గుండె గుభేల్‌మనకుండా ఎలా ఉంటారు?

థాయ్‌లాండ్ కుర్రాడి కథ

అదే రచయిత, అవే పాఠాలు. మన దగ్గర అట్ట పల్చన, కాగితం నాసి, బొమ్మలు నలుపు తెలుపు. ధర మాత్రం పదోవంతో, ఇంకొంచెం ఎక్కువో! ఆసియా దేశాల్లో విద్యార్థుల కొనుగోలు శక్తిని బట్టి ప్రచురణకర్తలే వేసే చౌక ప్రతులివి. ‘ఫలానా దేశాల్లో తప్ప అమ్మరాదు’ అని అట్టమీద హెచ్చరిక కూడా ఉంటుంది. ఆ వాక్యం చదివి, విమానాశ్రయంలో ఎవరైనా ఆపుతారేమోనని బెంగపడేవాళ్లు ఉన్నారు.

ఈ సంగతి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సుపాప్ కిర్ట్‌సెంగ్ అనే థాయ్ కుర్రాడు 1997లో లెక్కలు చదవడానికి కార్నెల్ యూనివర్సిటీకి వచ్చాడు. సొంతూళ్లో బంధుమిత్రులతో అక్కడి చౌక ప్రతులు కొనిపించి, పోస్టులో తెప్పించుకుని ఇంటర్నెట్లో అమ్మేవాడు. జాన్ వైలీ అనే ప్రచురణ సంస్థ 2008లో కేసు పెట్టింది. ఎనిమిది పుస్తకాలకు ఒక్కోదానికి 75 వేల డాలర్ల చొప్పున మొత్తం ఆరు లక్షల డాలర్లు కట్టాలని కింది కోర్టులో తీర్పు వచ్చింది. అతను పైకోర్టులకు వెళ్లాడు. 2013 మార్చి 19న సుప్రీంకోర్టు ఆరుగురు - ముగ్గురు మెజారిటీతో అతని పక్షాన నిలిచింది. న్యాయంగా అచ్చయిన పుస్తకాన్ని డబ్బిచ్చి కొన్నాక, అది ఏ దేశంలో అచ్చయినా సరే, దాన్ని తిరిగి అమ్ముకునే హక్కు కొన్నవాడిదేనంది. కాబట్టి కోఠీ పుస్తకం మోసుకెళ్లినందుకు బెంగ అక్కర్లేదు. (జిరాక్స్ తీసి బైండు చేయించిన పుస్తకం సంగతి వేరు, ఈ తీర్పు దానికి వర్తించదు.)

బెంగ పడాల్సింది వేరే విషయాలకి. మన ప్రతికి ఐఎస్‌బీఎన్ నంబరు వేరు. కొన్నింట్లో అధ్యాయాల వరస మారుతుంది. అన్నిటికంటే ఇబ్బంది, వెనకున్న అభ్యాసాల నంబర్లు మారడం. ప్రొఫెసర్ ‘మూడో చాప్టర్లో 14వ లెక్క’ అంటే మీ పుస్తకంలో 14వది ఇంకేదో అయ్యుంటుంది. పక్కవాడి పుస్తకంతో ఒకసారి సరిచూసుకుంటే సరిపోతుంది గానీ, చూసుకోకపోతే మార్కులు పోతాయి. ఇక చాలా కోర్సుల్లో హోంవర్క్ ఆన్‌లైన్లోనే. దానికో యాక్సెస్ కోడ్ కావాలి. ఒకసారి వాడితే ఆ కోడ్ చెల్లిపోయినట్టే. సెకండ్‌హ్యాండ్ పుస్తకమూ, సూట్‌కేసు పుస్తకమూ ఆ కోడ్ ముందు ఏమీ చేయలేవు.

రెండు రోజుల్లో పుస్తకం

ఇక మెంబర్‌షిప్‌ల సంగతికొద్దాం. వీటిలో పెద్దది అమెజాన్‌ది. 2010లో విద్యార్థుల పథకం మొదలుపెట్టినప్పుడు ఏడాది పాటు వేగంగా ఉచిత డెలివరీ ఇచ్చింది. తర్వాత ఉచితాన్ని ఆరు నెలలకు కుదించి, ఆపైన మామూలు ధరలో సగం తీసుకోవడం మొదలుపెట్టింది. 2022లో పెంచిన ధరల ప్రకారం మామూలు సభ్యులకు ఏడాదికి 139 డాలర్లు, విద్యార్థులకు 69. నెలనెలా కడితే 7.49. యూనివర్సిటీ ఇచ్చిన ఈమెయిల్ చూపిస్తే చాలు.

సగం ధర అనగానే ఎగిరి గంతేస్తాం. కానీ ఒక్క క్షణం ఆగి ఆ ‘ఉచిత డెలివరీ’ ఏ పుస్తకానికి ఇస్తున్నారో చూడండి. కంపెనీ తన గోదాము నుంచి పంపేవాటికి. 35 డాలర్లు దాటిన ఆర్డరయితే మెంబర్‌షిప్ లేనివాళ్లకూ వాటి డెలివరీ ఉచితమే, కాస్త ఆలస్యంగా వస్తుందంతే. కొత్త టెక్స్ట్‌బుక్ 35 డాలర్ల లోపు దొరకదు కదా! అంటే మీరు కట్టేది షిప్పింగ్ మిగుల్చుకోవడానికి కాదు, నాలుగైదు రోజులు ముందు తెప్పించుకోవడానికి.

ఇక నిజంగా చౌకగా దొరికే పాత పుస్తకం ఎక్కడుంటుంది? అదే సైట్లో, చిన్న చిన్న అమ్మకందార్ల దగ్గర. వాళ్లే ప్యాక్ చేసి పోస్టులో పంపుకుంటారు. అలాంటివాటికి మెంబర్‌షిప్ సాధారణంగా పనిచేయదు. మెంబరైనా సుమారు నాలుగు డాలర్లు పోస్టేజీ కట్టాల్సిందే. అయినా సరే, 120 డాలర్ల కొత్త పుస్తకం ‘ఫ్రీ షిప్పింగ్’తో తెప్పించుకోవడం కంటే, 30 డాలర్ల పాతది నాలుగు డాలర్ల పోస్టేజీతో తెప్పించుకోవడమే మేలు. ఇంత చిన్న లెక్క ఎందుకు తప్పుతుందంటే, సెర్చ్‌లో ‘మెంబర్లకు ఉచితం’ అన్న గుర్తున్నవే చూపించమని అడుగుతాం. పాత పుస్తకాలు అక్కడే జల్లెడలోంచి జారిపోతాయి.

ఎప్పుడు నొక్కాలి?

అలాగని ఆరు నెలల ఉచితాన్ని వదులుకోమనడం లేదు. ఎప్పుడు మొదలుపెట్టాలన్నదే ప్రశ్న. అడ్మిషన్ వచ్చిన ఉత్సాహంలో మే నెలలో బటన్ నొక్కేస్తే నవంబరుకి అయిపోతుంది. ఆ ఆరు నెలల్లో మొదటి మూడు మీరు ఇక్కడే ఉంటారు! ఆగస్టు మధ్యలో, అక్కడ గది దొరికి చిరునామా ఖాయమయ్యాక మొదలుపెడితే ఫిబ్రవరి మధ్య దాకా నడుస్తుంది. ఆగస్టు చివర్లో ఫాల్ సెమిస్టర్ పుస్తకాలు, జనవరిలో స్ప్రింగ్ పుస్తకాలు... రెండు కొనుగోళ్లూ ఒకే ఉచితంలో వచ్చేస్తాయి. గదికి కావాల్సిన దుప్పటి, కుక్కరు, చలికోటు కూడా అందులోనే. స్నేహితులు నలుగురు ఒకే ఇంట్లో ఉంటే నలుగురూ ఒకేరోజు మొదలుపెట్టడం కూడా దండగే. ఒకరి తర్వాత ఒకరు మొదలుపెట్టుకోవచ్చు.

ఉచితం మొదలైన రోజే ఫోన్లో ఐదో నెలాఖరుకి అలారం పెట్టుకోవాలి. ఇది చాదస్తంగా అనిపిస్తే మా తమ్ముడి సంగతి వినండి. షాపింగ్‌కొకటి, ఈబుక్స్‌కొకటి, లెక్కలకు జవాబులిచ్చే సైటొకటి. మూడు చోట్ల ‘ఉచితంగా’ చేరాడు. మూడింటికీ కార్డు నంబరిచ్చాడు. వసంతకాలంలో ఓ రాత్రి బ్యాంకు స్టేట్‌మెంట్ చూసుకుంటే మూడూ కలిపి నెలకు 38 డాలర్లు పోతున్నాయి. అప్పటికి నాలుగు నెలలుగా! వాడు క్యాంపస్ క్యాంటీన్లో గంటకు పది డాలర్లకు గిన్నెలు తోమేవాడు. నెలలో దాదాపు నాలుగు గంటలు ఆ సభ్యత్వాల కోసమే తోమాడన్నమాట. ఆ సంగతి పిన్నికి ఇప్పటికీ చెప్పలేదు. ఈ వ్యాసం చూసి తెలుసుకుంటుందేమో.

చేరడం ఎంత తేలికో మానేయడం అంత కష్టంగా ఉండటం యాదృచ్ఛికమా? అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అలా అనుకోలేదు. జనాన్ని తెలియకుండా ప్రైమ్‌లో చేర్చుకుంటోందనీ, మానేయడం చిక్కుగా మార్చిందనీ 2023 జూన్‌లో అమెజాన్ మీద దావా వేసింది. రద్దు చేసుకోవాలంటే నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఆప్షన్లు దాటాలని ఫిర్యాదులో రాసింది. ఆ పద్ధతికి కంపెనీలో పెట్టుకున్న పేరు ‘ఇలియడ్’ అట. హోమర్ రాసిన సుదీర్ఘ యుద్ధ కావ్యం పేరు! తప్పు ఒప్పుకోకుండానే కంపెనీ 2025 సెప్టెంబరులో 250 కోట్ల డాలర్లకు రాజీపడింది. అందులో 150 కోట్లు వినియోగదారులకు తిరిగివ్వడానికి.

కార్డు తీసేముందు

అసలు పుస్తకం కొనాలా అన్నది ముందు తేలాలి. అమెరికాలో 2008లో వచ్చిన ఉన్నత విద్యా చట్టం వల్ల, 2010 జులై నుంచి కాలేజీలు వీలైనంతవరకు కోర్సుల పట్టికతోపాటే పుస్తకాల ఐఎస్‌బీఎన్, ధర చెప్పాలి. అంటే ఖమ్మంలో కూర్చునే ఏ ఎడిషన్ కావాలో చూసుకోవచ్చు. జాబితాలో ‘తప్పనిసరి’ ఏది, ‘చదివితే మంచిది’ ఏది అన్నది గమనించాలి. ఎమ్మెస్ కోర్సుల్లో రెండోరకం ఎక్కువ. మొదటి వారం క్లాసులు విని, సీనియర్లను అడిగాక కొన్నా కొంపేమీ మునగదు.

తర్వాత లైబ్రరీ. మనవాళ్లు ఎందుకో దీన్ని ఆఖర్న చూస్తారు. కోర్సు పుస్తకాలను చాలా యూనివర్సిటీలు ‘రిజర్వ్’లో ఉంచి, రెండు మూడు గంటలకు చేతికిస్తాయి. హోంవర్క్‌కి అది చాలు. తమ దగ్గర లేనిదాన్ని ఇంకో యూనివర్సిటీ నుంచి తెప్పించి ఇస్తాయి, సాధారణంగా పైసా తీసుకోకుండానే. షిప్పింగ్ ఖర్చు వాళ్లదే. మెంబర్‌షిప్ ఫీజు మీరు కట్టిన ట్యూషన్ ఫీజులోనే ఉంది!

డిగ్రీ చదువుకి వెళ్లేవాళ్లకు ఇంకో వరం ఓపెన్‌స్టాక్స్. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ 2012 నుంచి ఫిజిక్స్, బయాలజీ, కాల్క్యులస్, ఎకనామిక్స్ లాంటి మొదటి ఏళ్ల పుస్తకాలు ఆన్‌లైన్లో ఉచితంగా పెడుతోంది. ఇక్కడి ఇంటర్ పిల్లలు చదువుకున్నా ఎవరూ అడ్డుకోరు. పై చదువుల పుస్తకాలు మాత్రం అందులో పెద్దగా లేవు.

ప్రచురణ సంస్థల సభ్యత్వాలూ ఉన్నాయి. సెంగేజ్ 2018లో సెమిస్టరుకు 119.99 డాలర్లకు తన ఈబుక్స్, ఆన్‌లైన్ హోంవర్క్ కోడ్‌లన్నీ ఇచ్చే పథకం తెచ్చింది. పియర్సన్ 2021లో నెలవారీ పద్ధతి మొదలుపెట్టింది. ఒకే సంస్థ పుస్తకాలు రెండో మూడో ఒకే సెమిస్టర్లో పడితే ఇవి నిజంగా లాభం. ఒక్కటే పడితే ఆ ఒక్కటి విడిగా అద్దెకు తీసుకోవడం నయం. అయితే సెమిస్టరు అయ్యాక చేతిలో అమ్ముకోవడానికి ఏమీ మిగలదు, పరీక్ష కాగానే పుస్తకమూ మాయం. అద్దెల్లోనూ మార్పులొస్తున్నాయి. 2012లో అచ్చు పుస్తకాల అద్దె మొదలుపెట్టిన అమెజాన్ 2023 ఏప్రిల్లో మానేసింది. సీనియర్లు చెప్పిన చిట్కా ఈ ఏడు కూడా ఉందో లేదో చూసుకోవాలి.

పోస్టాఫీసు దారి

చదివేసిన పుస్తకాన్ని వేరే ఊళ్లోని స్నేహితుడికి పంపడానికి అమెరికా పోస్టాఫీసులో ‘మీడియా మెయిల్’ ఉంది. 1938లో రూజ్‌వెల్ట్ కాలంలో పుస్తకాలకిచ్చిన రాయితీకి వారసత్వం ఇది. బరువును బట్టే ధర, దూరాన్ని బట్టి కాదు. రెండు నుంచి ఎనిమిది పనిదినాలు పడుతుంది. అందులో పుస్తకాల్లాంటివే పెట్టాలి, అనుమానమొస్తే విప్పి చూసే హక్కు వాళ్లకుంది. పక్కన పచ్చడి సీసా దూర్చే ఆలోచన పెట్టుకోకండి.

మన తపాలా శాఖ కూడా 2025 మే 1 నుంచి ‘జ్ఞాన్ పోస్ట్’ పేరుతో ఇలాంటిదే తెచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలకు వంద, పన్ను అదనం. పార్సిల్ ఎక్కడుందో చూసుకోనూవచ్చు. విజయనగరంలో చదువు పూర్తిచేసిన అక్క, ఆదిలాబాద్‌లో చేరిన చెల్లెలికి ఇంజినీరింగ్ పుస్తకాల కట్ట పంపడానికి ఇంతకంటే చౌకదారి ఏ యాప్‌లోనూ కనిపించలేదు నాకు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్నవాటినీ ఇలాగే ఊరికి పంపించుకోవచ్చు.

మా తమ్ముడు ఎమ్మెస్ అయ్యాక తన పుస్తకాలు అమ్మకానికి పెట్టాడు. భుజాన మోసుకెళ్లిన కోఠీ పుస్తకం ఒహాయోలో కొత్తగా చేరిన నల్గొండ అమ్మాయికి మీడియా మెయిల్లో వెళ్లింది. పుస్తకానికి డబ్బులు తీసుకోలేదు, పోస్టేజీ మాత్రం ఆ అమ్మాయే కట్టింది. లోపల చిన్న చీటీ పెట్టాడట, ‘మూడో చాప్టర్లో లెక్కల నంబర్లు సరిచూసుకో’ అని.