పడవ మీద బట్టలు ఎలా ఉతుకుతారు? మన మలక్‌పేట రూంకి పనికొచ్చే లెక్క

మలక్‌పేటలో రూం తీసుకుని ఉండేవాళ్లకి ఈ సీన్ బాగా తెలుసు. ఆదివారం పొద్దున వారం బట్టలన్నీ బకెట్‌లో నానబెట్టేశాం, పౌడర్ వేసేశాం. నల్లా తిప్పితే నీళ్లు లేవు! ఇక మిగిలింది బోరు నీళ్లు. వాటితో జాడిస్తే ఆరాక చొక్కా అట్టలాగా తయారవుతుంది. ట్యాంకర్ తెప్పిస్తే ఆ ఖర్చు బిల్డింగ్‌లో అందరి మీదా పడుతుంది.

మరి నెలల తరబడి పడవ మీదే ఉండేవాళ్ల సంగతేంటి? 2017 సెప్టెంబర్ 10న మన నేవీకి చెందిన ఆరుగురు మహిళా ఆఫీసర్లు ఐఎన్‌ఎస్‌వి తారిణి అనే తెరచాప పడవలో గోవా నుంచి బయల్దేరారు. భూమి చుట్టూ తిరిగి 2018 మే 21న వెనక్కి వచ్చారు. వాళ్లలో ఐశ్వర్య బొడ్డపాటి మన హైదరాబాద్ అమ్మాయి, స్వాతిది విశాఖపట్నం. పడవ పొడవు 55 అడుగులే. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, కానీ అన్నీ ఉప్పు నీళ్లు.

ఉప్పు నీళ్లతో ఉతికితే ఏమవుతుంది? సముద్రపు నీటిలో లీటరుకి సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. అందులోని కాల్షియం, మెగ్నీషియం మామూలు సబ్బుతో కలిసి తెట్టులా కట్టేస్తాయి, నురగ రాదు. పైగా బట్ట ఆరినా ఉప్పు అందులోనే ఉండిపోతుంది. ఆ ఉప్పు గాలిలోని తేమని లాక్కుంటుంది. అందుకే ఆరిన బట్ట మళ్లీ చెమ్మగా అవుతుంది, ఒంటికి దురద పెడుతుంది.

మన బోరు నీళ్ల కథ కూడా దాదాపు ఇదే. ఉప్పు అంత ఉండదు గానీ, కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి. అట్టలాంటి చొక్కాకి కారణం అదే.

పడవల మీద ఉండేవాళ్లు పాటించే పద్ధతి సింపుల్: ఉతకడానికి ఏ నీళ్లైనా సరే, చివరిసారి జాడించడానికి మాత్రం మంచినీళ్లు. మనం కూడా బోరు నీళ్లతో ఉతికి, నల్లా నీళ్లు ఆఖరి బకెట్‌కి దాచుకుంటే చాలు. బోరు నీళ్లకి బట్టల సబ్బు బిళ్ల కంటే డిటర్జెంట్ పౌడర్ నయం, దానికి తెట్టు అంతగా కట్టదు.

ఇప్పుడు అసలు లెక్క. బట్టలు పిండాక కూడా వాటిలో ఒక లీటరు సబ్బు నీళ్లు మిగిలాయి అనుకుందాం. 10 లీటర్లలో ఒకేసారి జాడించి పిండితే, సబ్బు 11లో ఒక వంతు మిగులుతుంది. అదే 10 లీటర్లని 5, 5గా చేసి, మధ్యలో గట్టిగా పిండి రెండుసార్లు జాడిస్తే? 36లో ఒక వంతే మిగులుతుంది. నీళ్లు అవే, సబ్బు మాత్రం మూడో వంతుకి తగ్గిపోయింది! అంటే బట్ట శుభ్రం అయ్యేది బకెట్ సైజుతో కాదు, మధ్యలో మీరు పిండే పిండుడుతో.

ఇంకో మూడు విషయాలు గుర్తుపెట్టుకోండి.

ఒకటి, పౌడర్ తక్కువ వేయండి. నురగ ఎక్కువైతే జాడించే నీళ్లు కూడా ఎక్కువే కావాలి.

రెండు, ఆఖరిసారి జాడించిన నీళ్లు పారబోయకండి. తర్వాతి విడత బట్టలు అందులోనే నానబెట్టండి, లేదా బాత్రూం కడగండి.

మూడు, పడవల్లో కొందరు మూత ఉన్న బకెట్‌లో బట్టలు, నీళ్లు, సబ్బు వేసి వదిలేస్తారు. అలలకి పడవ ఊగుతుంటే బట్టలు వాటంతటవే ఉతుక్కుంటాయి. మన బిల్డింగ్ ఊగదు కాబట్టి, టబ్‌లో వేసి కాళ్లతో తొక్కండి. ఐదు నిమిషాల ఎక్సర్‌సైజ్!

నీళ్లు రాని రోజు ఎవర్నో తిట్టుకోవడం కంటే, ఉన్న రెండు బకెట్లని ఎలా వాడాలో తెలిస్తే సోమవారం ఆఫీసుకి మెత్తటి చొక్కాతో వెళ్లొచ్చు. ఈ ఆదివారం ట్రై చేసి, ఎన్ని బకెట్లు మిగిలాయో కామెంట్‌లో చెప్పండి.