రెండు కోర్లా, నాలుగు కోర్లా?

జూన్ నెల దగ్గర పడుతున్నదంటే మన చాకలిపేట ఇళ్ళలో ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాల లెక్క మొదలౌతుంది. కొన్నేండ్లుగా ఆ లెక్కలోకి మరొక పద్దు వచ్చి చేరింది. అది కంప్యూటరు. 2011 లో తమిళనాడు ప్రభుత్వంవారు సర్కారు బడులలోను, ఎయిడెడు విద్యాసంస్థలలోను చదివే పిల్లలకు లాప్‌టాపులు ఉచితంగా పంచడం ప్రారంభించినప్పుడు, ఎన్నో ఇళ్ళకు మొదటి కంప్యూటరు అలాగే వచ్చింది. 2020 లో బడులు మూతపడి పాఠాలు తెరమీదికి ఎక్కిన తరువాత అది బీరువా వలె, మిక్సీ వలె ఇంట్లో వుండి తీరవలసిన సామాను అయిపోయింది.

కొనడానికి వెళ్ళిన తండ్రిని అంగడివారు అడిగే మొదటి ప్రశ్న, "సార్, డ్యూయల్ కోరా, క్వాడ్ కోరా?" అని. తండ్రి కొడుకు ముఖం చూస్తాడు. కొడుకు "క్వాడే మంచిది నాన్నా" అంటాడు. ఎందుకు మంచిదో అడిగితే, "అందులో నాలుగు వుంటాయి గదా" అంటాడు. ఆ నాలుగుకూ రెండుకూ మధ్యనున్న ధర, ఎం.సి. రోడ్డు బట్టల అంగడిలో నెలజీతానికి నిలబడే మనిషికి రెండు మూడు నెలల మిగులు. అంత డబ్బు ఒక మాటను నమ్మి పెట్టేటప్పుడు ఆ మాటకు అర్థమేమిటో తెలుసుకోవడం మంచిదని తలచి ఈ నాలుగు ముక్కలూ వ్రాస్తున్నాము.

కంప్యూటరులో లెక్క చేసే బిళ్ళను ప్రాసెసరు అంటారు. ఇంటెల్ కంపెనీవారు 1971 లో తెచ్చిన 4004 అనే ప్రాసెసరులో 2,300 ట్రాన్సిస్టర్లు వుండేవి. అది సెకనుకు సుమారు 7 లక్షల 40 వేల మార్లు కొట్టుకునేది. అప్పటినుంచి ముప్పై ఏండ్లకు పైగా ఇళ్ళకు వచ్చిన కంప్యూటర్లన్నింటిలోను పని చేసే చేయి ఒక్కటే. కొత్త ప్రాసెసరు వచ్చిందంటే ఆ ఒక్క చేయికే వేగం పెరిగిందని అర్థం. 2004 నాటికి పెంటియం 4 సెకనుకు 380 కోట్ల మార్లు కొట్టుకునే దాకా వచ్చింది. అక్కడ వేడి అడ్డం తగిలింది. బొటనవేలి గోరంత బిళ్ళలో 115 వాట్లు! మన ఇస్త్రీపెట్టె వెయ్యి వాట్లదైనా ఆ వేడి అరచేయంత పలకమీద పరచుకుంటుంది గనుక సరిపోయింది. దీనికి ఆ వసతి లేదు. పెంటియం 4 తరువాత రావలసిన ప్రాసెసరును ఇంటెల్‌వారు అదే సంవత్సరం మే నెలలో మానుకున్నారు.

చేయికి వేగం పెరగనప్పుడు చేతులు పెంచడమొక్కటే దారి. ఆ చేతినే కోరు అంటారు. ఐ.బి.ఎం. వారు పెద్ద పెద్ద యంత్రాలకోసం 2001 లోనే పవర్ 4 అని రెండు కోర్ల ప్రాసెసరు చేశారు. ఇళ్ళ కంప్యూటర్లకు 2005 లో ఇంటెల్‌వారి పెంటియం డి, ఎ.ఎం.డి. వారి అథ్లాన్ 64 ఎక్స్2 వచ్చినవి. ఏడాదిన్నర తిరిగేసరికి, 2006 నవంబరులో, నాలుగు కోర్లు కూడా వచ్చినవి. అంగడివాడి ప్రశ్న పుట్టింది ఆ రోజుల్లోనే.

అది బాగా పదునెక్కిన సందర్భం ఒకటి వున్నది. 2007 జూలైలో ఇంటెల్‌వారు రెండు ప్రాసెసర్లకు ఒకే ధర పెట్టారు. ఒకటి కోర్ 2 డుయో ఇ6850, రెండు కోర్లు, 3 గిగాహెర్ట్జ్ వేగం. మరొకటి కోర్ 2 క్వాడ్ క్యూ6600, నాలుగు కోర్లు, వేగం మాత్రం 2.4. ధర రెండింటికీ 266 డాలర్లే. ఇద్దరు చురుకైన పనివాళ్ళు కావాలా, నలుగురు నిదానస్తులు కావాలా అన్నట్లుగా వుంది గదా! ప్రపంచమంతటా కుర్రకారు ఈ ఒక్క విషయంమీద గంటల తరబడి వాదించుకున్నారు. ఆనాడున్న ఆటలు, సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఒకటి రెండు కోర్లను మించి వాడుకోవడం ఎరుగవు. కాబట్టి ఆ సంవత్సరం రెండు కోర్లవాడే గెలిచాడు. కాని తరువాత వచ్చిన సాఫ్ట్‌వేర్లు నాలుగింటినీ వాడుకోవడం నేర్చుకున్నవి. క్యూ6600 కొన్నవారు అదే యంత్రాన్ని మరి కొన్ని ఏండ్లు ఎక్కువగా లాగించగలిగారు. మా దృష్టిలో ఇది ముఖ్యమైన సంగతి. మన ఇళ్ళలో కంప్యూటరు రెండేండ్లకొకసారి మార్చేది కాదు. అక్క చదువు ముగిసిన తరువాత తమ్ముడి చేతికి వస్తుంది.

అయితే నాలుగు కోర్లుంటే పని నాలుగో వంతు కాలంలో ముగుస్తుందా? ముగియదు. ఇందుకు మన పేట పేరులోనే ఉదాహరణ వున్నది. ఈస్టిండియా కంపెనీవారు ఓడలకెక్కించే బట్టలను ఉతికి చలువ చేసేవారు కాపురమున్న చోటు గనుకనే ఈ పేటకు ఆ పేరు వచ్చింది. రేవులో ఒక్క బండ వున్నచోట నాలుగు బండలు వేసి నలుగురు నిలబడితే ఉతుకు నాలుగో వంతు కాలంలో అవుతుంది. కాని ఆరవలసిన బట్ట ఆరవలసిందే. ఎండకు నలుగురితో పనిలేదు. ఒక పని మొత్తం గంట అనుకుందాము. అందులో ఉతుకు 48 నిమిషాలు, ఆరడం 12 నిమిషాలు. ఇద్దరు దిగితే 24, 12 కలిసి 36 నిమిషాలు. నలుగురు దిగితే 12, 12 కలిసి 24 నిమిషాలు. ఫరవాలేదు. అదే ఉతుకు 30, ఆరడం 30 అయితే ఇద్దరికి 45 నిమిషాలు, నలుగురికి ముప్పై ఏడున్నర. మనుషులు రెట్టింపైనారు, మిగిలింది ఏడున్నర నిమిషాలు! జీన్ ఆమ్‌డాల్ అనే ఆయన 1967 లోనే ఈ లెక్క చెప్పారు. ఆయన పేరుమీదనే దానిని ఆమ్‌డాల్ సూత్రమంటారు.

కనుక ఏ పని విడదీయడానికి వీలైనదో, ఏది కాదో చూచుకోవాలి. పెళ్ళి వీడియోను కత్తిరించి అతికి ఫైలుగా దించడం చక్కగా విడిపోయే పని. నాలుగు కోర్లుంటే తేడా కంటికి కనబడుతుంది. ఒక గుమాస్తా కూర్చుని ఒకదాని తరువాత ఒకటిగా బిల్లులు కొట్టడం విడిపోయే పని కాదు. అక్కడ యంత్రమే గుమాస్తా వేలికోసం కాచుకుని వుంటుంది. తెలుగులో ఉత్తరం టైపు చేయడానికి కూడా నాలుగు కోర్లు అక్కరలేదు. తెలుగు వస్తే చాలును. (అది మన పిల్లలలో ఎందరికి వచ్చునన్నది వేరే వ్యాసం.)

ఇక ఇంటి సంగతి. కాలేజీలో చదివే అమ్మాయి, ప్లస్ టూ అబ్బాయి, అంగడి లెక్క చూచుకునే తండ్రి, హైదరాబాదులోనో అమెరికాలోనో వున్న కొడుకు ముఖం చూడాలనే అవ్వ, వీరందరికీ కలిపి ఒకే లాప్‌టాపు అనుకుందాము. అవ్వ వీడియో మాటలకు మాత్రమే అయితే రెండు కోర్లు బేషుగ్గా సరిపోతాయి. కాని ఇంటి కంప్యూటరుమీద ఒకే పని ఎప్పుడూ నడవదు. అమ్మాయి పాఠం వింటూ వుంటుంది, పక్కన పది కిటికీలు తెరచి వుంటాయి. 2008 లో గూగుల్‌వారి క్రోమ్ వచ్చినప్పటినుంచి బ్రౌజర్లు ఇంచుమించు ఒక్కొక్క పుటను ఒక్కొక్క వేరు పనిగా నడుపుతున్నవి. వెనుక వైరసు కాపలాదారు సోదా చేస్తూ వుంటాడు. విండోస్ తనంతట తానే కొత్త మార్పులు దించుకుంటూ వుంటుంది. ఇద్దరు పనివాళ్ళున్నచోట ఒకడు ఈ వెనుకటి చాకిరీకే పోతే మిగిలేది ఒక్కడు. పాఠం మధ్యలో మాస్టారి నోరు కదులుతూ మాట రాకపోవడానికి నెట్టు మాత్రమే కారణం కాదు, చాలాసార్లు ఇదే.

అందుచేత నాలుగైదేండ్లు వాడదలచిన ఇంటికి నాలుగు కోర్లు కొనడమే మేలని మా అభిప్రాయం. కాని ఆ నాలుగు ఎటువంటి నాలుగు అన్నది చూడకుండా కొనరాదు. ఇంటెల్‌వారి పెంటియం సిల్వర్ ఎన్5030 లో కోర్లు నాలుగు. కోర్ ఐ3-1115జి4 లో రెండే. అయినా ఇంటి పనులలో ఆ రెండు ఈ నాలుగింటినీ దాటిపోతాయి, ఎందుకంటే ఒక్కొక్క కోరు బలం వేరు. చవుక లాప్‌టాపులలో విరివిగా వచ్చిన సెలెరాన్ ఎన్4020 లో రెండు కోర్లు. అవి కూడా బలహీనమైనవి. చదువుకునే పిల్లలకు అది కొని ఇవ్వవద్దనే మేము గట్టిగా చెబుతాము. 2023 లో వచ్చిన ఎన్100 అటువంటి చవుక రకమే అయినా అందులో నాలుగు కోర్లున్నవి, ఎన్4020 తో పోలిస్తే ఎంతో నయం.

పాతసరుకు కొనేవారు మరింత జాగ్రత్తపడాలి. 2025 అక్టోబరు 14 తో విండోస్ 10 కు మైక్రోసాఫ్ట్‌వారి మామూలు మద్దతు ముగిసింది. దానితో ఆఫీసులు వదిలించుకున్న లాప్‌టాపులు రిచ్చీ వీధిలో తుడిచి, కొత్త అట్టపెట్టెలలో పెట్టి అమ్ముతున్నారు. వాటిమీద 'ఐ7' అని బిళ్ళ మెరుస్తూ వుంటుంది. ఐ7 అంటే ఐ5 కన్న గొప్ప అని ఎవరికైనా తోస్తుంది గదా. 2016 నాటి ఐ7-7500యు లో కోర్లు రెండే. 2017 లో వచ్చిన ఐ5-8250యు లో నాలుగు. అంగడివాడు వేగం చూపుతాడు: దీనికి 2.7 గిగాహెర్ట్జ్, దానికి 1.6. అది నింపాదిగా నడిచేటప్పటి వేగం మాత్రమే. పరుగెత్తవలసి వచ్చినప్పుడు మొదటిది 3.5, రెండవది 3.4, ఇంచుమించు సమానం. కరెంటు లెక్క చూచినా రెండూ 15 వాట్ల తరగతివే. అన్నిటికన్న ముఖ్యం, విండోస్ 11 కు మైక్రోసాఫ్ట్‌వారు ఒప్పుకున్న జాబితాలో ఆ ఐ7 లేదు, ఈ ఐ5 వున్నది. విండోస్ 11 కోరే కోర్లు రెండే అయినా ఇంటెల్ ప్రాసెసర్లలో బహుకొద్ది మినహా ఎనిమిదవ తరానికి ముందువాటిని అది అంగీకరించదు. గీత తరువాత వచ్చే అంకెలో తరం తెలుస్తుంది: 7500 అంటే ఏడవది, 8250 అంటే ఎనిమిదవది, 1115 అంటే పదకొండవది. ఏడవ తరంవాటిని లినక్సు వేసుకుని సుఖంగా వాడుకోవచ్చును, కాని ఆ సంగతి తెలిసి, ఆ ధరకే కొనాలి.

రెండు కోర్లను నాలుగని చెప్పడానికి మరొక ఉపాయం వున్నది, అది పూర్తిగా అబద్ధం కూడా కాదు. ఒక కోరు రెండు పనులను అటూ ఇటూ చూచుకుంటూ నడిపే ఏర్పాటు ఒకటి వుంటుంది. ఆ పనుల వరుసను థ్రెడ్డు అంటారు. రెండు కోర్లకు నాలుగు థ్రెడ్లు వుండవచ్చును. ఒక మనిషి ముందు రెండు గంపలు పెడితే ఖాళీగా కూర్చునే సేపు తగ్గుతుంది, నిజమే. అంతమాత్రాన ఇద్దరు మనుషులు కారు.

ఇంకొక మాట. చేతిలో వున్న డబ్బుకు నాలుగు కోర్లు, 4 జీబీ రాము, పాతకాలపు తిరిగే హార్డుడిస్కు ఒక వైపు. మంచి రెండు కోర్లు, 8 జీబీ రాము, ఎస్ఎస్‌డీ మరొక వైపు వస్తే, మేమైతే రెండవది తీసుకుంటాము. గంపలో బట్ట లేకపోతే నలుగురు రేవులో నిలబడి ఏం చేస్తారు? కొన్ని లాప్‌టాపులలో రాము తరువాత పెంచుకోవడానికి చోటు వుంటుంది, కొన్నింటిలో అతికించి వుంటుంది, అడిగి కొనాలి. కోర్ల సంఖ్య మాత్రం లాప్‌టాపులో ఇంచుమించు ఎన్నడూ మార్చుకోలేము. వేసవిలో ఫాను లేని సన్నరకాలు వేడెక్కి తమంతట తామే మందగిస్తాయి. మిట్టమధ్యాహ్నం మేడమీది గదిలో చదివే పిల్లలున్నవారు ఫాను వున్నదే చూచుకోవాలి.

మన పేట మెట్రో స్టేషనులో ఎక్కితే నాలుగవ స్టేషను గవర్నమెంటు ఎస్టేటు. అక్కడినుంచి రిచ్చీ వీధి నడిచిపోయే దూరం. వెళ్ళినవారు లాప్‌టాపు వెలిగించమని, కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలు మూడూ ఒకేసారి నొక్కాలి. టాస్క్ మేనేజరు వస్తుంది. అందులో పెర్ఫార్మెన్సు, సీపీయూ అన్నచోట చూస్తే ప్రాసెసరు పూర్తి పేరు పైననే వుంటుంది; కింద 'కోర్స్' అని ఒక అంకె, 'లాజికల్ ప్రాసెసర్స్' అని మరొక అంకె వుంటాయి. మనకు కావలసింది మొదటి అంకె. అంగడివారి వేలు సాధారణంగా రెండవదానిమీద వుంటుంది. బిల్లుమీద 'లాప్‌టాపు ఒకటి' అని కాక ప్రాసెసరు నంబరు, కోర్లు, రాము, ఎస్ఎస్‌డీ విడివిడిగా వ్రాయించుకోవాలి. వ్రాయడానికి వెనుకాడితే, ఆ వీధిలో పక్కనే మరొక అంగడి వున్నది.