మూడవ తీగ

క్రొత్త యిండ్లు కట్టుకొను మన సభ్యులు తలుపులపైనను గచ్చుపైనను చూపు శ్రద్ధలో పదియవ వంతైనను గోడలలో దాగు కరెంటు తీగలపై చూపుట లేదని మాకు తోచుచున్నది.

ఇటీవల మే మొక సభ్యుని యింటికి పోయియుంటిమి. ఆ యిల్లాలు గ్రైండరును ముట్టునపుడెల్ల చెక్కపీటపై నిలుచుచుండెను. కారణ మడుగగా, “పీట దిగితే జిల్లుమంటుందండీ” యని చెప్పెను. ప్లగ్గు పెట్టె విప్పించి చూచితిమి. మూడు రంధ్రములున్నవి గాని, మూడవదాని వెనుక పచ్చతీగయే లేదు! పని చేసినవారు తీగ ఖర్చు మిగిల్చిరి. ఇంటివారు పీట వేసికొనిరి.

ఆ తీగ యంత్రపు లోహపు తొడుగును భూమితో కలుపును. లోపలి తీగ పూత చెడి తొడుగునకు కరెంటు వచ్చినపుడు, అది మనుష్యుని మీదుగా గాక ఆ తీగ వెంట నేలలోనికి పోవుటకు దారి యేర్పడును. ఎర్తు గుంట ఇంటి గోడకు కనీసము ఒకటిన్నర మీటరు ఎడముగ నుండవలెనని ఐ.ఎస్. 3043 ప్రమాణము చెప్పుచున్నది. కొందరు పచ్చతీగను ఇంటిలోని నల్లతీగకే ముడివేయుదురు. స్తంభము వద్ద నల్లతీగ తెగిన దినమున ఇంటిలోని ప్రతి లోహపు తొడుగునకును కరెంటు ప్రాకును.

గుంట యొక్కటియే చాలునా? చాలదు. వేసవిలో నేల యెండును. గుంట నిరోధము 20 ఓములనుకొందము. 230 వోల్టులకు పారునది సుమారు 11 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దానికి పడిపోదు, తొడుగులో కరెంటు నిలిచియే యుండును. కావున 30 మిల్లీ ఆంపియర్లు కారినంతనే సరఫరా నాపు ఆర్.సి.సి.బి. పెట్టింపవలయును. దానిపై నుండు టెస్టు మీటను అప్పుడప్పుడు నొక్కి చూడవలెను. నొక్కినను పడనిచో మార్పింపవలెను. గుంటలో నీరు పోయుట మరువరాదు.

బల్బు, ఫ్యాను, ఫ్యూజు మార్చుట ఎవరైనను చేసికొనవచ్చును. క్రొత్త వైరింగు మాత్రము లైసెన్సు గల కంట్రాక్టరే చేయవలెనని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారి 2023 నిబంధనలు విధించుచున్నవి. స్విచ్చి ఎల్లప్పుడును ఫేజు తీగపైననే యుండవలెను. నల్లతీగపై నున్నచో దీపమారినను హోల్డరులో కరెంటుండును. పని ముగిసిన పిదప 500 వోల్టులతో ఒక నిమిషము పరీక్షింపగా తీగల పూత నిరోధము 1 మెగాఓమునకు తగ్గరాదు. తుది పైకము చెల్లించుటకు ముందే ఆ పరీక్షాపత్రము నడిగి పుచ్చుకొనుడు.