శాస్త్రిగారి కోసం వెళ్ళి... పంతులుగారిని చూసొచ్చాం!

‘శంకరాభరణం’ మీరెన్నిసార్లు చూశారు? నేను పదకొండుసార్లు చూశాను. మా బుల్లిమామ్మ మూడుసార్లే చూసింది. అయినా మా ఇద్దరిలో పెద్ద అభిమాని ఎవరంటే... సందేహం లేదు, ఆవిడే!

బుల్లిమామ్మ మా నాన్నగారికి మేనత్త. 1980 ఫిబ్రవరిలో ఆ సినిమా విడుదలయ్యేనాటికి ఆవిడకి డెబ్భై ఏడేళ్ళు. అప్పటిదాకా సినిమాహాలు గడప తొక్కిన మనిషి కాదు. బొబ్బిలిలో మా వీధి ఆడవాళ్ళు ‘అది సినిమా కాదు మామ్మగారూ, సంగీత కచేరీ’ అని నమ్మబలికి తీసుకెళ్ళారు. తెల్లపంచె కొంగు తలమీంచి నిండుగా కప్పుకుని, తలవంచుకుని హాల్లోకి వెళ్ళిన మనిషి, చివర్లో శంకరశాస్త్రిగారు కచేరీ వేదిక మీదే ప్రాణం విడిచేసరికి గొల్లుమంది. ఇంటికొచ్చి నూతి దగ్గర తలారా స్నానం చేసింది.

“అదేవిటి మామ్మా! ఆయన నిజంగా పోలేదు. ఆయన పేరు జె.వి.సోమయాజులుగారు. రెవెన్యూలో డిప్యూటీ కలెక్టరు. నిక్షేపంలా ఉన్నారు” అన్నాను నేను.

“నోర్ముయ్! అంతటివాడు పోతే మైల పట్టదురా?” అని కసిరింది.

ఆ తర్వాత మరో రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ స్నానం చేసింది!

నా పిచ్చి మరో రకం. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న కుర్రాణ్ణి. పత్రికల్లో వచ్చిన ఆయన బొమ్మలన్నీ కత్తిరించి నోటు పుస్తకంలో అంటించుకున్నాను. విశ్వనాథ్‌గారి దర్శకత్వం, మహదేవన్‌గారి సంగీతం, బాలుగారి గొంతు... ఎవరి గొప్ప వారిదే, కాదనను. కానీ నాకు మాత్రం ఆ నడక, ఆ చూపు! భుజం మీద తువ్వాలు వేసుకుని మా పెరట్లో శాస్త్రిగారిలా నడిచి అమ్మచేత తిట్లు తిన్న రోజులున్నాయి.

ఒక ఉత్తరం... ఒక శాలువా

1981 చలికాలంలో విజయనగరం నుంచి నా స్నేహితుడు కార్డు రాశాడు. “మీ శాస్త్రిగారు మా ఊళ్ళో నాటకం వేస్తున్నారు. ‘కన్యాశుల్కం’. తమ్ముడు రమణమూర్తిగారు గిరీశం. అన్నగారు రామప్పంతులు. టిక్కెట్లు తీసి ఉంచనా?”

మొదటి వాక్యం చదవగానే కేక పెట్టాను. మిగతావి చదివాక కాస్త గొంతు తగ్గింది.

ఎందుకంటే ‘కన్యాశుల్కం’ సినిమా నేను చూశాను. 1955లో వచ్చింది. ఎన్టీ రామారావుగారు గిరీశం, సావిత్రి మధురవాణి. రామప్పంతులు వేషం సి.ఎస్.ఆర్.ది. కనక రామప్పంతులంటే ఎవరో నాకు తెలుసు. కోర్టు పక్షి, దొంగ దస్తావేజుల మనిషి, పెళ్ళి బేరాల్లో నాలుగు రాళ్ళు నొక్కేవాడు, వేశ్యని పోషిస్తున్నానని గొప్పలు పోయేవాడు. శంకరశాస్త్రిగారు ఆ వేషంలోనా? మనసొప్పలేదు. అయినా వెళ్ళకుండా ఉండలేనుగా!

బుల్లిమామ్మ వరండాలో కూర్చుని ఒత్తులు చేసుకుంటోంది. “నేనూ వస్తాను. ఆయన పాడతారా?” అంది.

“ఏమో మామ్మా, చూద్దాం” అన్నాను. అది నేను ఆవిడతో చెప్పిన మొదటి అబద్ధం. రెండోది తర్వాత చెబుతాను.

గుడికి ఒత్తులు చేసిచ్చి కూడబెట్టుకున్న డబ్బుంది ఆవిడ దగ్గర. గుడ్డ మూట విప్పి, లెక్కపెట్టి, నా చేత బజార్నించి ఒక శాలువా తెప్పించింది. ముదురాకుపచ్చ రంగు, సన్నంచు. “నా చేత్తో కప్పకూడదేమో. నువ్వు కప్పుదువుగాని, నేను చూస్తాను” అంది. అలా ఎందుకన్నదో ఆనాడు నాకు అర్థం కాలేదు.

బొంకులదిబ్బ మీదుగా

రామభద్రపురం, గజపతినగరం మీదుగా బస్సు. దారి పొడుగునా మామ్మ ఆ శాలువా మూటని ఒళ్ళోంచి దించలేదు. విజయనగరంలో దిగి గంటస్తంభం దాటి కోట వైపు నడిచాం. కోట ముందున్నదే బొంకులదిబ్బ! గురజాడ అప్పారావుగారి నాటకం మొదలయ్యేది ఆ దిబ్బ మీదే, గిరీశం మాటలతోనే. అప్పారావుగారు కాపురమున్న ఇల్లూ దగ్గర్లోనే. ఆ నాటకం మొట్టమొదట ఆడింది కూడా ఈ ఊళ్ళోనే, 1892లో.

నాకు ఒళ్ళు పులకరించింది. మామ్మకి మాత్రం సంగీత కళాశాల చూపించమని గొడవ. ఆదిభట్ల నారాయణదాసుగారు, ద్వారం వెంకటస్వామినాయుడుగారు పెద్దలుగా వెలిగిన కళాశాల అది. గుమ్మం బయటే నిలబడి దణ్ణం పెట్టుకుంది. శాస్త్రిగారు ఇక్కడే చదువుకున్నారని ఆవిడ లెక్క!

హాలు కిక్కిరిసి ఉంది. మూడో వరసలో మేం. తెర లేచింది.

చీపురుదెబ్బ

గిరీశంగా రమణమూర్తిగారు నోరు తెరవగానే హాలు ఆయన గుప్పిట్లోకి వెళ్ళిపోయింది. ‘ఎం.ఎల్.ఎ.’ సినిమాలో హీరో వేషం కట్టిన ఆ మనిషేనా ఇలా గాలిమేడలు కడుతున్నాడు అనిపించింది. తర్వాత మధురవాణి ఇల్లు. వచ్చారండీ రామప్పంతులు!

నేను గుర్తుపట్టలేదు. నిజం. నోటు పుస్తకం నిండా ఆ మొహమే అంటించుకున్న నేను గుర్తుపట్టలేదు. ఆ నిటారు వెన్ను లేదు. నడుం దగ్గర ఒక మెలిక, మెడ దగ్గర ఒక వంపు. కళ్ళు ఎవరి మొహం మీదా నిలకడగా ఆనవు, గది నాలుగు మూలలా దేనికోసమో వెతుకుతుంటాయి. నవ్వితే పెదాలు ముందు నవ్వి, కళ్ళు తర్వాత లెక్క చూసుకుంటాయి.

కాసేపటికి మంచం కింద దూరారు. పూటకూళ్ళమ్మ చీపురుకట్టతో గిరీశం కోసం వచ్చింది. దెబ్బ పడింది పంతులుగారి మీద! హాలంతా ఈలలు. నేను బిక్కచచ్చిపోయి పక్కకి చూశాను. పాదపూజ చేద్దామని వచ్చిన మనిషికి మంచం కింద చీపురుదెబ్బలు తినే శాస్త్రిగారిని చూపించానే!

మామ్మ నవ్వుతోంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు కారేలా నవ్వుతోంది.

“మామ్మా, ఆయనే...” అన్నాను మెల్లిగా.

“తెలుసులేరా. గొంతు పోల్చేను. ఊరుకో, చూడనీ.”

అప్పుడు తట్టింది నాకు. సినిమాలో శాస్త్రిగారి పాటకి బాలుగారి గొంతుంది, చూపుకి కెమెరా సాయముంది. ఇక్కడ ఏదీ లేదు. మూడు గంటలూ తన గొంతే, తన ఒళ్ళే. చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా ఆ దొంగచూపు అందాలి. నవ్వులు చల్లారేదాకా ఆగి, సరిగ్గా ఆ క్షణంలో తర్వాతి మాట అందుకోవాలి. ఒక్క మాట ముందైనా వృథా, వెనకైనా వృథా. సినిమా ఆయన్ని నిన్నగాక మొన్న పట్టుకుంది. నాటకం ఏనాడో పట్టుకుంది. శంకరశాస్త్రి పుట్టకముందే ఈ రామప్పంతులున్నాడు. నేనే ఆలస్యంగా వచ్చాను.

మామ్మ నవ్వు ఆగింది

తర్వాత బేరం రంగం. కథ మీకు తెలిసిందే. అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురు సుబ్బిని పద్ధెనిమిది వందలకి ముసలి లుబ్ధావధాన్లుకి ఇచ్చేందుకు ఒప్పుకున్నాడు. ఆ సంబంధం తప్పించి మరోటి అంటగడితే తనకేమైనా గిట్టుతుందని పంతులు ఆశ. ఆ పిల్ల, ఆడవేషం వేసిన కుర్రాడని ఆయనకి తెలియదు. అందుకే హాలంతా పగలబడి నవ్వుతోంది. పంతులుగారు ముసలాడి పక్కన చేరి, చెవిలో ఊదుతూ, చేత్తో సైగలు చేస్తూ, పిల్లని గేదెని వర్ణించినట్టు వర్ణిస్తున్నారు.

మామ్మ నవ్వడం లేదు. శాలువా మూటని రెండు చేతుల్తో గట్టిగా పట్టుకుని, రెప్పవెయ్యకుండా చూస్తోంది. నాటకం అయ్యేదాకా మళ్ళీ నవ్వలేదు, మాట్లాడలేదు.

తెర పడ్డాక “పద మామ్మా, లోపలికెళ్ళి శాలువా ఇద్దాం” అన్నాను.

“నేను రాను. నువ్వెళ్ళు.” కాసేపాగి అంది: “ఇది శాస్త్రిగారిక్కాదు, పంతులిక్కిచ్చేనని చెప్పు. మర్చిపోకు.”

వేదిక వెనక్కి వెళ్ళాను. గుమ్మం దగ్గర జనం. తోసుకుంటూ తలుపుదాకా చేరాను. లోపల అద్దం ముందు, బనీనుతో, ఇటు వీపు పెట్టి ఆయన కూర్చుని ఉన్నారు. పది అడుగుల దూరం! పదకొండుసార్లు సినిమా చూసిన వీరాభిమానిని, ఏం చేశాననుకున్నారు? గొంతు తడారిపోయింది. కాళ్ళు కదల్లేదు. ఎవరో “కాస్త తర్వాత రా బాబూ” అన్నారు. అదే చాలన్నట్టు వెనక్కి తిరిగాను. శాలువా నా సంచీలోకి వెళ్ళిపోయింది.

“ఇచ్చేవా?” అంది మామ్మ.

“ఇచ్చేను.”

“చెప్పేవా?”

“చెప్పేను. దణ్ణం పెట్టారు. నీకు చెప్పమన్నారు.”

అదే రెండో అబద్ధం. రామప్పంతులు పుట్టించిన దొంగ సాక్ష్యాల పక్కన దాన్నీ కట్టుకోవచ్చు!

బస్సులో చెప్పిన మాట

ఆ రాత్రి బస్‌స్టాండులోనే పడుకుని తెల్లవారుజామున మొదటి బస్సెక్కాం. గజపతినగరం దాటాక మామ్మ కిటికీలోంచి చూస్తూ అంది:

“నన్ను ఆరు వందలకి ఇచ్చేరురా. ఏడేళ్ళు నాకు. ఆయనకి యాభై దాటేయి. పదకొండో ఏట జుట్టు తీసేరు.”

మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తగా నేను వినలేదు. ఆవిడ తల ఎందుకలా ఉంటుందో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు.

“ఆ బేరం కుదిర్చినవాడు మా అరుగు మీద కూర్చునేవాడు. నాకు పటికబెల్లం పెట్టేవాడు. అచ్చం ఇలాగే నవ్వేవాడు. డెబ్భై ఏళ్ళయిందిరా, వాడి మొహం మర్చిపోయేను. రాత్రి మళ్ళీ కనబడ్డాడు. వాడు పెద్ద రాక్షసుడనుకుంటూ బతికేను ఇన్నాళ్ళూ. మంచం కింద దూరి దెబ్బలు తినేవాడట్రా! ఇంతే మనిషా!”

అంతే. మళ్ళీ ఎన్నడూ ఆ ప్రసక్తి రాలేదు.

ఆ తర్వాత అప్పారావుగారి పీఠిక చదివాను. ఆ రోజుల్లో విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళు లెక్కతీయిస్తే మూడేళ్ళలో 1,034 తేలాయట. ఏడాది వయసు పిల్లలు కూడా ముగ్గురున్నారట అందులో! రెండో కూర్పు అచ్చయింది 1909లో. మా మామ్మ పెళ్ళి 1910లో. పుస్తకం వచ్చింది కానీ మా అరుగుదాకా రాలేదు. వచ్చేసరికి డెబ్భై ఏళ్ళు పట్టింది. తెచ్చింది సోమయాజులుగారు.

మామ్మ 1986లో పోయింది. సోమయాజులుగారు 2004లో, తమ్ముడు రమణమూర్తిగారు 2016లో వెళ్ళిపోయారు. ఆకుపచ్చ శాలువా ఇప్పటికీ మా బీరువాలో ఉంది. మడత కూడా విప్పలేదు.

శంకరశాస్త్రిగారికి దేశమంతా దణ్ణాలు పెట్టింది, శాలువాలు కప్పింది. మా బుల్లిమామ్మ కూడా ఆయన పోయాడని మూడుసార్లు స్నానం చేసింది. కానీ ఒత్తుల డబ్బుతో కొన్న శాలువా మాత్రం రామప్పంతులిక్కిమ్మంది.

అది ఇంకా బాకీ ఉంది. ఆ బాకీ నాది.