గినీపందుల గజ్జి - మా యనుభవము

మా యింట పిల్లలు రెండు గినీపందులను పెంచిరి. ఒకటి తెల్లది, ఒకటి నల్లది. వానికి గజ్జి పట్టినపుడు మేము చేసిన పొరపాటులను దాచక వ్రాయుచున్నాము.

"అమ్మా, తెల్లది రాత్రియంతయు గోకుకొనుచున్నదే!" యని మా పెద్దవాడు చెప్పినపుడు మేము లక్ష్యపెట్టలేదు. గోకుకొనని జంతువెక్కడ నున్నదని యూరకుంటిమి. వారము తిరుగునప్పటికి దాని వీపున వెండ్రుకలు రాలి, తెల్లని పొట్టు లేచి, తొడల లోపల పక్కులు కట్టినవి. ఎత్తుకొనబోయిన కీచుమని యరచెడిది. అప్పటికిని మాకు బుద్ధి రాలేదు. వేపనూనెలో పసుపు కలిపి పూసితిమి. అది దానిని నాకుకొనుచుండెనే కాని దురద తగ్గలేదు. మూడవనాడు ప్రక్కకు వ్రాలి కాళ్లు కొట్టుకొనెను. మా అత్తగారు దిష్టి యనిరి. మేము మూర్ఛ యనుకొంటిమి.

పశువుల ఆసుపత్రిలోని వైద్యురాలు చర్మమును మెల్లగా గీకి, ఆ పొట్టును సూక్ష్మదర్శినిలో చూచి, "అమ్మగారూ, ఇది గజ్జిపురుగు. దురద మితిమీరినప్పు డీ ప్రాణుల కిట్టి మూర్ఛలు వచ్చును" అనెను. ఈ పురుగు పేరు ట్రిక్సాకేరస్ కేవియే. శాస్త్రజ్ఞులు దీనిని 1972లో వర్ణించిరి. ఇది చర్మములో సొరంగములు త్రవ్వి గ్రుడ్లు పెట్టును, కంటి కగపడదు. వెండ్రుకల నడుమ ప్రాకుచు కనబడునవి పేలు. వానివలన నింత బాధ లేదు. ముక్కుచుట్టును కన్నులచుట్టును వెండ్రుకలూడి పొలుసులు లేచిన నది తామర కావచ్చును. దాని మందు వేరు, పిల్లలకు నంటుకొనును. గజ్జిపురుగు మనుష్యులపై కాపురముండదు గాని, ఎత్తుకొనువారి చేతులపై కొన్నాళ్లు దద్దురులు లేపును. మా చిన్నదాని మోచేతులపై లేచిన వాని నంతవరకు చెమటకాయ లనుకొంటిమి!

మందు ఐవర్‌మెక్టిన్ సూది. ఇది యింట వేయదగినది కాదు. పశువులకు వాడు సీసాలో మిల్లీలీటరునకు 10 మిల్లీగ్రాముల మందుండును. కిలోయైనను తూగని మా ప్రాణికి మిల్లీలీటరులో నూరింట మూడు నాలుగు పాళ్లు చాలునట. చేయి కొంచెము జారిన నేమగునో యోచింపుడు. ఇంట మిగిలిన పెన్సిలిను బిళ్ల పొడిచేసి పెట్టుటయు ప్రాణాంతకమే. అది వీని ప్రేవులలోని మేలుచేయు సూక్ష్మజీవులను చంపును.

సూది పడిన వారమునకు తెల్లది గోకుట తగ్గించి గడ్డి నమలసాగెను. ఇక్కడనే మేము పెద్దతప్పు చేసితిమి. ఆ మందు పురుగులను చంపును గాని గ్రుడ్లను చంపదు. అందుచేత పది పదునాలుగు దినముల యెడముతో మూడుమార్లు వేయింపవలెననియు, చూపునకు బాగున్న నల్లదానిని గూడ తీసికొనిరావలెననియు వైద్యురాలు చెప్పియే యుండెను. మావారి బడిలో పరీక్షలు, ఇంట చుట్టములు, బండికి కూలి - ఇట్లు సాకులు వెదకి మానివేసితిమి. నెల దాటకమునుపే తెల్లదానికి గజ్జి తిరుగబెట్టెను, నల్లదానికిని పట్టెను. నల్లది బాధచే మేత విడిచెను. గినీపంది యొక్కదినము తినకున్నను ప్రేవులు స్తంభించునని మాకు తెలియదు. మరునాటి యుదయము ఆసుపత్రికి కొనిపోవుచుండగా త్రోవలోనే, పిల్లవాని యొడిలో ప్రాణము విడిచెను. వాడు మమ్మొక్క మాటయు ననలేదు.

తెల్లదానికి మూడు సూదులును పూర్తిగా వేయించితిమి. సూది వేయించిన ప్రతిసారియు పాతగడ్డిని కాల్చి, పంజరమును మరుగునీట కడిగి యెండ బెట్టితిమి.

"ఏమి పెట్టుచున్నా" రని వైద్యురాలడిగినపుడు దోసకాయయు ఎండుగడ్డియు నని చెప్పి సిగ్గుపడితిమి. మనవలెనే గినీపందియు సి విటమినును తన దేహమున చేసికొనజాలదు. 1907లో నార్వే దేశపు పండితులు వీనియందే స్కర్వీ వ్యాధిని పుట్టించి చూపిరి. ఆ విటమిను కొఱవడిన దేహము క్షీణించి, పురుగు సులభముగా చెలరేగును. నీళ్లలో కలిపిన నది త్వరగా చెడిపోవును. కావున నిత్యము చిన్న జామముక్కయు కొంత కొత్తిమీరయు పెట్టుచున్నాము.

ఇప్పుడు తెల్లదాని వీపున వెండ్రుకలు నిండినవి. ప్రతి ఆదివారమును పిల్లవాడు కూరల త్రాసులో దానిని తూచి, తూకమును తన లెక్కల పుస్తకపు వెనుక పుటలో వ్రాసికొనుచున్నాడు.