లెక్కలు క్లౌడ్‌లోనా.. షాపు కంప్యూటర్‌లోనా?

జీఎస్టీ రికార్డులను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలి. మరి మీ లెక్కలు ఎక్కడ ఉంచుతున్నారు? షాపు కంప్యూటర్‌లోనే ఉంటే హార్డ్‌డిస్క్ పాడైన రోజు అన్నీ పోవచ్చు. అలాగని క్లౌడ్‌నూ గుడ్డిగా నమ్మలేం. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ క్లౌడ్ డేటా సెంటర్ కాలిపోయింది. వేరేచోట బ్యాకప్ లేని కస్టమర్లలో కొందరి డేటా తిరిగి రాలేదు.

అందుకే ఏది వాడినా రెండో కాపీ మరోచోట ఉండాలి. క్లౌడ్ అయితే వారానికోసారి డేటా డౌన్‌లోడ్ చేసుకోండి. చందా ఆపేస్తే డేటా ఎలా ఇస్తారో ముందే అడగండి. కంప్యూటర్ అయితే రోజూ బ్యాకప్ తీసి, ఆ డిస్క్‌ను ఇంట్లో ఉంచండి. కంపెనీగా రిజిస్టరైతే ఎలక్ట్రానిక్ ఖాతాల బ్యాకప్ రోజూ భారత్‌లోని సర్వర్‌లోకి చేరాల్సిందే. బ్యాకప్ తెరుచుకుంటోందో లేదో కూడా అప్పుడప్పుడూ చూసుకోండి.