రక్షకుడు దేవుడే అయి ఉండాలా?

మేము ఒక ఉన్నత పాఠశాలలో ఉర్దూ చెప్పే రోజుల్లో సాంఘిక శాస్త్రం బోధించే క్రైస్తవ మాస్టారొకరు మాతోపాటు పనిచేసేవారు. గుడ్ ఫ్రైడే సెలవు ముగిసి బడి తెరిచిన రోజున తొమ్మిదో తరగతిలో మన పిల్లవాడొకడు లేచి, "సార్, దేవుడే సిలువ మీద చనిపోతే ఆ మూడు రోజులూ లోకాన్ని నడిపిందెవరు?" అని అడిగాడు. తరగతంతా గొల్లుమంది. విరామ సమయంలో మాస్టారు మా దగ్గరకొచ్చి, "మౌల్వీ సాబ్, ప్రశ్నకు నేను బాధపడలేదు. అంతకంటే గట్టి ప్రశ్నలు మావాళ్లే వందల ఏళ్లుగా వేసుకుంటున్నారు. ఆ నవ్వే కష్టం కలిగించింది" అన్నారు.

ఆయన మాట నిజం. మానవుల పాపాలకు హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) తన ప్రాణంతో పరిహారం చెల్లించారని క్రైస్తవుల విశ్వాసం. దీన్నే మనం ఉర్దూలో కఫ్ఫారా అంటాం, వారు ప్రాయశ్చిత్తమంటారు. అయితే ఆ పరిహారం చెల్లాలంటే చెల్లించినవాడు దేవుడే అయి ఉండాలా? నిష్పాపి అయిన మనిషి చాలడా? ఈ ప్రశ్న క్రైస్తవ లోకంలో పండితులను విడదీసింది, కొందరిని దేశాలు దాటించింది.

కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అన్సెల్మ్ 1098లో పూర్తిచేసిన గ్రంథంలో దీనికి ఒక తర్కం చెప్పాడు. పాపమంటే దేవునికి చెందవలసిన గౌరవాన్ని ఎగ్గొట్టడం. దేవుని ఔన్నత్యానికి హద్దు లేదు గనుక ఆ బాకీకీ హద్దు లేదు. బాకీ పడినవాడు మనిషి, కానీ తీర్చే స్తోమత దేవునికే ఉంది. కాబట్టి దేవుడూ మనిషీ అయిన ఒక్కడే దాన్ని తీర్చగలడని ఆయన వాదన.

అందరూ దీనికి తలూపలేదు. ఫ్రాన్సులో 1142లో మరణించిన అబెలార్డ్, నిర్దోషి రక్తం దేవునికి ఎలా ప్రీతికరమవుతుందని అడిగాడు. సిలువ మనిషి హృదయంలో దైవప్రేమను రగిలిస్తుందని, విమోచన అందులోనే ఉందని ఆయన భావించాడు. థామస్ అక్వినాస్ (మరణం 1274) మధ్యేమార్గం పట్టాడు. దేవుడు తలచుకుంటే పరిహారం లేకుండానే క్షమించగలడు, కానీ పూర్తి పరిహారమే కోరితే మామూలు మనిషి వల్ల కాదన్నాడు. డన్స్ స్కోటస్ (మరణం 1308) ఇంకో అడుగు వేశాడు. ఏ త్యాగానికైనా విలువ దేవుని అంగీకారంతోనే వస్తుంది గనుక, ఆయన అంగీకరించి ఉంటే నిష్పాపి అయిన మనిషి త్యాగమైనా సరిపోయేదన్నాడు. వీరంతా ఈసా దైవత్వాన్ని నమ్మినవారే అన్నది గమనార్హం.

ఆ నమ్మకాన్నే కాదన్నవాడు ఇటలీకి చెందిన ఫౌస్తో సొచ్చీని. ఆయన గ్రంథం 1594లో పోలండ్‌లో అచ్చయింది. బాకీ వసూలు చేసుకున్నవాడు మాఫీ చేశానని ఎలా అంటాడని ఆయన ప్రశ్న. ఒకరి అప్పు మరొకరు తీర్చవచ్చు గానీ, ఒకరి నేరానికి మరొకరిని శిక్షించడం న్యాయం కాదన్నాడు. దైవస్వభావానికి మరణం లేదు గనుక, దైవత్వం వల్ల ఆ మరణానికి అనంతమైన విలువ వచ్చిందనడం పొసగదన్నాడు. 1598లో క్రాకోవ్‌లో అల్లరిమూక ఆయనపై దాడిచేసి కాగితాలు ధ్వంసం చేసింది. ఆయన భావాలు అనుసరించిన వర్గం విద్యాలయం 1638లో మూతపడింది. 1658లో వారికి దేశబహిష్కారమే విధించారు.

వాదనకు జవాబు మాత్రం వాదనతోనే ఇచ్చినవాడు హాలండ్ న్యాయవేత్త గ్రోషియస్. దేవుణ్ణి అప్పులవాడిగా కాక పాలకుడిగా చూడాలని, పాలకుడు చట్టం గౌరవం నిలిపి మరీ క్షమిస్తాడని 1617లో ఆయన రాశాడు.

ఈ చర్చ మన దేశానికీ వచ్చింది. పారశీలో, అరబ్బీ ముందుమాటతో తుహ్ఫతుల్ మువహ్హిదీన్ రాసిన రాజా రామ్మోహన్ రాయ్ 1820లో ఏసు బోధనలను మాత్రం ఏరి ప్రచురించారు. దైవత్వం, ప్రాయశ్చిత్తం తీసేస్తే ఇక రక్షణ ఎక్కడిదని శ్రీరాంపూర్ మిషనరీ జాషువా మార్ష్‌మన్ అభ్యంతరం తెలిపారు. రాయ్ 1823 వరకూ మూడు సమాధానాలు రాశారు. సువార్తల బెంగాలీ అనువాదంలో ఆయనతో పనిచేసిన మిషనరీ విలియం ఆడమ్ 1821లో త్రిత్వాన్నే వదులుకున్నారు.

ఇదంతా చదివి, సొచ్చీని మనవాడేనని సంబరపడటం తొందరపాటు. ఆయన వర్గంవారు ఈసా సిలువ మరణాన్ని, పునరుత్థానాన్ని నమ్మారు, ఆయనను ఆరాధించారు కూడా. మన అఖీదా వేరు. ఎవరి భారం వారే మోయాలని, తౌబా తలుపు ప్రతి దాసునికీ తెరిచే ఉందని దివ్య ఖుర్ఆన్ మనకు నేర్పింది. గ్రంథప్రజలతో మాట్లాడేటప్పుడు ఉత్తమమైన రీతిలో మాట్లాడమన్నదీ ఆ గ్రంథమే.

ఇక ఆ పిల్లవాడి సంగతి. మేము పిలిచి మందలిస్తే, "తౌబా చేసుకున్నాను మౌల్వీ సాబ్" అన్నాడు. "తౌబా అల్లాహ్‌కు చేశావు బేటా, మాస్టారి హక్కు అలాగే ఉంది" అన్నాం. తోటి మనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషి వద్దే సరిచేసుకోవాలన్నది హుఖూఖుల్ ఇబాద్ పాఠం. వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లాం. మాస్టారు వెంటనే క్షమించి, కూర్చోబెట్టి, ఈ చరిత్రలో కొంత వాడికి చెప్పారు.

తర్వాత మేము, "చూశారా మాస్టారూ, ఏ వెలా తీసుకోకుండానే క్షమించారు. అల్లాహ్ క్షమించలేడా?" అన్నాం. ఆయన కాసేపు ఆగి, "వాడి దగ్గర ఏమీ తీసుకోలేదు, నిజమే. కానీ ఆ అవమానం ఎవరో ఒకరు మోయాలి కదా మౌల్వీ సాబ్. నేను మోశాను. మేము సిలువ అనేది దాన్నే" అన్నారు.

మా విశ్వాసం మారలేదు. కానీ ఎదుటివారు దేన్ని నమ్ముతున్నారో, ఎందుకు నమ్ముతున్నారో ఆ రోజే కొంత అర్థమైంది. మీ పిల్లలు ఇలాంటి ప్రశ్నలు వేస్తే ఆపకండి, అడగనివ్వండి. నవ్వును మాత్రం ఇంటి దగ్గరే ఆపండి. అల్లాహ్ మనందరికీ సత్యంతోపాటు దాన్ని చెప్పే మర్యాదనూ ప్రసాదించుగాక. ఆమీన్.